తెలంగాణ సోనా బియ్యం: వండి, తిని, షుగర్ చూసుకున్నాక నా మాట

ముందే చెప్పేస్తాను. తెలంగాణ సోనా మంచి బియ్యం. గింజ సన్నం, అన్నం తేలిక, రోజూ తినడానికి బాగుంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకి మామూలు సన్నబియ్యం కంటే నయం. అయితే అదే బియ్యాన్ని అందమైన ప్యాకెట్‌లో పోసి, మీద ‘షుగర్ ఫ్రీ’ అని అచ్చు వేసి, రెట్టింపు ధరకు అమ్ముతున్నారు చూడండి, అది మాత్రం కొనకండి. రెండూ మా ఇంట్లో వండుకున్నాం కాబట్టి రెండింటి గురించీ రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఆయనకి షుగర్, మా అత్తమ్మకి కూడా షుగర్. అత్తమ్మ పరకాల వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. రొట్టె ఎంత తిన్నా, ఆఖర్న నాలుగు ముద్దలు బువ్వ పడకపోతే ఆమెకి తిన్నట్టే ఉండదు. డాక్టరు గారు “అన్నం తగ్గించాలమ్మా” అన్నప్పుడు అక్కడ తల ఊపింది గానీ, ఆటో ఎక్కగానే “గట్లయితే ఏం తిని బతకాలె బిడ్డా?” అని నన్ను అడిగింది. ఆ ప్రశ్నకి నాకు తెలిసిన సైన్సుతో జవాబు వెతుకుతూ ఈ బియ్యం దాకా వచ్చాను.

బియ్యం మేం ఎప్పుడూ వరంగల్ బీట్ బజార్‌లో ఒకే దుకాణంలో తీసుకుంటాం. సేటు పాత మనిషి, సంచి విప్పి చూపించకుండా బియ్యం అంటగట్టడు. తెలంగాణ సోనా ఉందా అని అడిగితే, “ఆరెన్నార్ అడుగున్రి మేడం, ఆ పేరే అందరికీ తెలుసు. షుగరోళ్ళంతా ఇదే తీస్కపోతున్నరు” అన్నాడు. గుప్పెడు గింజలు నా అరచేతిలో పోశాడు. హెచ్‌ఎంటీ రకం బియ్యం కంటే పొట్టి, బాగా సన్నం. రెండు సంచులు చూపించాడు. ఒకదాంట్లో గింజలు అద్దంలా మెరుస్తున్నాయి. రెండోదాంట్లో కొంచెం మసక, అక్కడక్కడ గింజ వీపున లేత గోధుమరంగు గీత. ఆ గీత తవుడు పొర మిగిలిందన్న గుర్తు. “ఇది తక్కువ పట్టిచ్చిన్రు, ఎవ్వరూ అడుగరు, తెల్లగ లేదంటరు” అన్నాడు. నేను అదే తీసుకున్నాను. 26 కిలోల సంచి, 1,500 చిల్లర. పక్క సంచికీ దీనికీ ధరలో తేడా లేదు. షుగర్‌కి మంచిదని చెప్పి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. ఆ మాట ఇక్కడ రాయాలనిపించింది.

ఈ రకం చరిత్ర కొంచెం చెప్పాలి. అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసింది. జయశంకర్ సారు మన ఆత్మకూరు దగ్గరి అక్కంపేట వారే. వరి వంశం చూస్తే ఒక పక్క మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, రెండో పక్క మన జగిత్యాల పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన జేజీఎల్ 3855. ఆ రెండింటినీ కలిపి తీసిన రకం ఇది. 125 రోజుల్లో చేతికొస్తుంది. సాంబ మసూరికి 150 రోజులు పడుతుంది, అగ్గితెగులు ఊరికే వస్తుంది. దీనికి ఆ తెగులును తట్టుకునే గుణం ఉంది. రైతులు దీన్ని ఇష్టపడింది ముందు ఈ కారణాలకే. షుగర్ మాట తర్వాత తోడైంది. ఇప్పుడు ఊళ్ళల్లో ఈ వడ్లను ‘షుగర్ లెస్ వడ్లు’ అని కూడా పిలుస్తున్నారు. ఆ పేరు దగ్గరే చిక్కంతా వచ్చింది.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి అయోడిన్ పరీక్ష చేయించేటప్పుడు, ఇంటి నుంచి మూడు రకాల అన్నం పట్టుకెళ్ళాను. ఒకటి మామూలు హెచ్‌ఎంటీ, ఒకటి సేటు దగ్గర తెచ్చిన సోనా, ఒకటి ‘షుగర్ ఫ్రీ’ ప్యాకెట్ బియ్యం. ఒక అబ్బాయి లేచి, “టీచర్, షుగర్ లెస్ బియ్యంకు రంగు రాదు కదా?” అన్నాడు. వాళ్ళ నాన్న ఆరెన్నారే వేస్తాడట, నమ్మకంగా అన్నాడు. మూడింటినీ విడివిడిగా నీళ్ళలో మెదిపి, చల్లార్చిన గంజి మీద వాడి చేతే చుక్క చుక్క అయోడిన్ వేయించాను. మూడు గ్లాసులూ సిరాలా నీలంగా మారాయి. వాడు మూడో గ్లాసు పైకెత్తి వెలుగుకు పెట్టి చూశాడు, పక్కవాడికి చూపించాడు, మళ్ళీ చూశాడు. పిండిపదార్థం లేని బియ్యం ఉండదు. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ అణువుల గొలుసే. నోట్లో ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము దాన్ని తెంచడం మొదలుపెడుతుంది. అన్నాన్ని బాగా నమిలితే తియ్యబడేది అందుకే. మిగతా పని చిన్నపేగులో పూర్తవుతుంది. ఆఖరికి రక్తంలోకి వెళ్ళేది గ్లూకోజే, సోనా అయినా, హెచ్‌ఎంటీ అయినా, రేషన్ సన్నబియ్యం అయినా.

తేడా ఉన్నది ఆ గొలుసు తెగే వేగంలో.

బియ్యంలోని పిండిపదార్థం రెండు రకాలు. అమైలోజ్ కొమ్మలు లేకుండా పొడుగ్గా సాగే గొలుసు, దగ్గరదగ్గరగా అల్లుకుని ఉంటుంది, ఎంజైములకి సులువుగా లొంగదు. అమైలోపెక్టిన్ చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, ఎంజైములు ఒకేసారి అన్ని కొసల నుంచీ తెంచుకుపోతాయి. అమైలోజ్ పాలు ఎక్కువుంటే సాధారణంగా అరుగుదల నెమ్మది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే అంటుకుంటుంది, త్వరగా అరుగుతుంది. వండే తీరు, పాలిష్, అన్నం చల్లారిందా లేదా, ఇవి కూడా ఈ వేగాన్ని మారుస్తాయి.

ఈ వేగాన్ని అంకెగా చెప్పేదే గ్లైసీమిక్ ఇండెక్స్, పొట్టిగా జీఐ. 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ముందుకు తెచ్చింది. పద్ధతి ఎవరికైనా అర్థమయ్యేదే. కొంతమంది ఆరోగ్యవంతులకి పరగడుపున 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం ఉండేంత ఆహారం పెడతారు. రెండు గంటల పాటు మధ్య మధ్యలో రక్తం తీసి గ్లూకోజ్ ఎంత పెరిగిందో గీత గీస్తారు. ఇంకో రోజు వాళ్ళకే 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి అలాగే గీస్తారు. గ్లూకోజ్ గీత కింది వైశాల్యాన్ని 100 అనుకుంటే, ఆ ఆహారానిది ఎంత వస్తుందో అదే దాని జీఐ. 55 లేదా అంతకు తక్కువైతే తక్కువ జీఐ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 నుంచి ఎక్కువ. తెలంగాణ సోనాకి చెబుతున్న జీఐ 51, 52 మధ్య. అంటే తక్కువ జీఐ గీత లోపలే ఉంది.

‘బియ్యం అంటే బియ్యమే, ఏదైనా ఒకటే’ అనేవాళ్ళకి ఇంకో సంగతి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి 235 వరి రకాలు పరిశీలిస్తే, జీఐ 48 నుంచి 92 దాకా తేలింది, సగటు 64. రకానికి రకానికి అంత దూరం ఉంది. కాబట్టి రకం ఎంచుకోవడం వట్టి ప్రచారం అనుకోకండి, దానికి ఆధారం ఉంది.

ఇక ప్యాకెట్ సంగతి. పేరు రాయను. ఆన్‌లైన్‌లో తెప్పించాను, కిలో 130 పైనే. ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘షుగర్ ఫ్రీ’, కింద ‘డయాబెటిస్‌కు పరిష్కారం’. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల పట్టికలో 100 గ్రాములకు పిండిపదార్థాలు 78 గ్రాములు అని వాళ్ళే రాశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో మామూలు తెల్లబియ్యానికి ఉన్న అంకె కూడా దాదాపు అంతే, 78 గ్రాములు. ప్యాకెట్ మీద వరి రకం పేరు లేదు. జీఐ ఎంతో లేదు, ఏ ల్యాబ్‌లో చూశారో లేదు. మెయిల్ పెట్టి అడిగాను. ‘మా ఉత్పత్తి పూర్తిగా సహజమైనది, మీ నమ్మకానికి ధన్యవాదాలు’ అని జవాబు వచ్చింది. మళ్ళీ అడిగితే అదీ లేదు. వండితే మెత్తగా అతుక్కుంది, సగం నూకలే. మా ఆయనకి భోజనం తర్వాత షుగర్ హెచ్‌ఎంటీ తిన్న రోజుల్లాగే వచ్చింది. నన్ను కష్టపెట్టింది డబ్బు కాదు. ‘పరిష్కారం’ అన్న మాట నమ్మి, మాత్రలు మానేసి, ఈ అన్నం తినే పెద్దవాళ్ళు ఉంటారు. మా వీధిలోనే ఒకావిడ ఆ ఆలోచనలో ఉంటే కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

సేటు దగ్గరి సోనాతో మా ఇంటి లెక్క వేరుగా ఉంది. మందులు ఏమీ మార్చకుండా, ఒకే పరిమాణం అన్నం, ఒకే రకం పప్పూ కూరా పెట్టి, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తూ వచ్చాం. హెచ్‌ఎంటీ తిన్న రోజుల్లో మా ఆయనకి 210 అటూ ఇటూ ఉండేది. సోనాకి ఎక్కువ రోజులు 180 దగ్గర ఆగింది. ఒకటి రెండు రోజులు తేడా కనపడలేదు కూడా. ఇది ఒక్క ఇంటి ముచ్చట, పరిశోధన అనడానికి లేదు. మీటరే ఒకసారికి ఒకసారి కొంచెం తేడా చూపిస్తుంది. అయినా నెలల మీద చూస్తే తగ్గుదల ఉందని మాకు నమ్మకం కుదిరింది.

అత్తమ్మ దగ్గర మాత్రం అంకెలు కదలలేదు. ఎందుకో తెలుసుకోవాలని ఆమె తింటుంటే పక్కన కూర్చున్నాను. రెండోసారి వడ్డించుకుంటోంది. “బువ్వ సన్నగ, మంచిగున్నది బిడ్డా. గని కడుపు నిండినట్టు ఉంటలేదు. షుగరుకు మంచిదే అంటివి గదా, ఇంకింత తింటున్న” అంది. ఈ బియ్యంతో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. అన్నం ఎంత తేలికంటే, తెలియకుండా ఎక్కువ లోపలికి పోతుంది.

ఆమెకి కాగితం మీద లెక్క వేసి చూపించాను, మీకూ చెబుతాను. జీఐ ఒక్కటే చాలదు, తిన్న పిండిపదార్థం ఎన్ని గ్రాములో దాంతో గుణించి, వందతో భాగించాలి. దాన్ని గ్లైసీమిక్ లోడ్ అంటారు. జీఐ 70 ఉన్న బియ్యం 100 గ్రాములు వండుకుంటే అందులో పిండిపదార్థం 78 గ్రాములు, లోడ్ సుమారు 55. సోనా జీఐ 52 అనుకుని, తేలిగ్గా ఉందని 150 గ్రాములు వండుకుంటే పిండిపదార్థం 117 గ్రాములు, లోడ్ సుమారు 61. మంచి బియ్యం ఎక్కువ తిన్న మనిషికే భారం పెరిగింది. అత్తమ్మ చదువుకోలేదు గానీ, వడ్డీ లెక్కలు నోటితోనే చేసే మనిషి. కాగితం కేసి చూసి, “అంటే రేటు తక్కువని అప్పు ఎక్కువ తెచ్చుకున్నట్టు” అంది. ఇంతకంటే బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమెకి ఒక కొలత గిన్నె పెట్టాం, వండిన అన్నం అంతే. ముందు కూర, పప్పు తినేసి తర్వాత అన్నం కలుపుకోమన్నాను. అదీ గాలి మాట కాదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్ళు 11 మంది షుగర్ రోగుల మీద చూశారు. కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె తర్వాత తింటే, గంటకి షుగర్ మూడో వంతుకు పైగా తక్కువ ఉంది. చిన్న అధ్యయనమే, కానీ పాటించడానికి ఖర్చు లేదు. అత్తమ్మకి సోరకాయ కూర, పెసరపప్పు ముందు తినిపిస్తే బువ్వ దానంతటదే తగ్గింది, అంకె కూడా తగ్గింది.

మన దేశం మొత్తానికీ ఇదే వర్తిస్తుందని తర్వాత చదివాను. షుగర్ మీద దేశమంతా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే వివరాలు 2025లో వచ్చాయి. మన వాళ్ళ రోజువారీ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్లబియ్యం బదులు గోధుమో, చిరుధాన్యాలో పెట్టి, మొత్తం పిండిపదార్థాలు తగ్గించకపోతే షుగర్ వచ్చే ముప్పు తగ్గినట్టు కనపడలేదని అందులో ఉంది. కొంత పిండిపదార్థం తీసేసి, ఆ చోట పప్పు, పాలు, గుడ్డు లాంటివి చేరిస్తేనే తేడా. మా వైపు షుగర్ రాగానే అన్నం మానేసి నాలుగు జొన్న రొట్టెలు లాగించేవాళ్ళు చాలామంది. 100 గ్రాముల జొన్నలో పీచు 10 గ్రాముల దాకా ఉంది, మంచిదే. కానీ పిండిపదార్థం కూడా 67 గ్రాములు ఉంది.

వండే సంగతికి వస్తే, పాత బియ్యమైతే ఒక గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు సరిపోతాయి. తక్కువ పట్టించినవైతే అరగంట నానబెట్టి ఇంకొంచెం పోయాలి. కొత్త బియ్యం కొంటే ముద్ద అవుతుంది. మెత్తగా చిమిడిన అన్నం త్వరగా అరుగుతుంది, అంటే జీఐ లాభం మనమే పోగొట్టుకుంటున్నాం. గింజ విడిగా ఉండగానే దించండి. గంజి వార్చేస్తే షుగరంతా పోతుందని మా కాలనీలో గట్టి నమ్మకం. కొంత పిండి పోతుంది, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి, ఎక్కువ పిండి గింజలోనే ఉంటుంది. మేం వార్చడం లేదు.

పచ్చిపులుసుకి, పప్పుచారుకి ఈ అన్నం బ్రహ్మాండం. పులిహోరకి పరవాలేదు. బిర్యానీకి మాత్రం వద్దు, గింజ పొట్టి కదా, గిన్నెలో కలిపేసరికి విరుగుతుంది.

సద్దికి ఇది బాగా కుదిరింది. వండిన అన్నం చల్లారితే అమైలోజ్ గొలుసులు మళ్ళీ దగ్గరకొచ్చి బిగుసుకుంటాయి, ఎంజైములకి లొంగని పిండిగా కొంత మారుతుంది. 2015లో ఇండోనేషియా పరిశోధకులు తెల్లన్నాన్ని 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ వేడి చేసి చూస్తే, ఆ లొంగని పిండి 100 గ్రాములకు 0.64 గ్రాముల నుంచి 1.65 గ్రాములకు పెరిగింది, తిన్నవాళ్ళ షుగర్ కూడా తక్కువ పెరిగింది. పెద్ద మార్పేమీ కాదు. అయినా రాత్రి అన్నం పొద్దున పెరుగు, ఉల్లిగడ్డతో తినే అలవాటు ఉన్న అత్తమ్మకి నేను దీన్ని మాన్పించలేదు. ఒక్కటే జాగ్రత్త. మన వరంగల్ ఎండాకాలంలో అన్నం రాత్రంతా బయట పెట్టకండి, వండిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

రేషన్‌లో ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది కదా, అది ఆరెన్నారేనా అని స్టాఫ్ రూమ్‌లో అడుగుతున్నారు. రకం ఏదో గింజ చూసి చెప్పలేం. సోనా అనుకుని ఎక్కువ తినకండి. కొలిచి తింటే ఏ బియ్యమైనా సగం పని అయినట్టే. చిత్రమేంటంటే, యాసంగి వడ్లు చాలావరకు మన మిల్లుల్లో ఉప్పుడు బియ్యంగా మారి బయటి రాష్ట్రాలకి పోతాయి. ఉడకబెట్టి ఆరబెట్టడం వల్ల ఆ బియ్యానికి సాధారణంగా జీఐ తక్కువే. మనకి ఆ రుచి అలవాటు లేదు, మా ఇంట్లోనూ ఎవరూ ముట్టరు.

నా మార్కులు: సేటు దగ్గర కొన్న తెలంగాణ సోనాకి ఐదులో నాలుగు. ‘షుగర్ ఫ్రీ’ ప్యాకెట్‌కి ఒకటి. కొనేవాళ్ళు ఆరెన్నార్ అని అడగండి, కనీసం ఆరు నెలల పాతది, తక్కువ పట్టించింది అడగండి. వానాకాలం పంట సంక్రాంతికి కొత్తగా దుకాణాల్లో ఉంటుంది కాబట్టి, అప్పుడు కొంటే కొన్నాళ్ళు ఇంట్లో నిల్వ పెట్టుకోవాల్సిందే. నాలుగో మార్కు దగ్గర ఎందుకు ఆగానంటే, సేటు మాట తప్ప అది ఆరెన్నారే అనడానికి నా దగ్గర ఇంకో రుజువు లేదు. సంచి మీద మిల్లు పేరు, ఏదో దేవుడి బొమ్మ ఉన్నాయి. వరి రకం, పంట కాలం, పట్టించిన తేదీ, ఈ మూడూ అచ్చు వేయమని సేటుతో చెప్పి పంపాను. మిల్లు వాళ్ళు ఆ పని చేసిన రోజు ఐదో మార్కు వేసి ఈ రివ్యూ మారుస్తాను.